ఖాసిం నొక్కి చూసిన పరుపు

“పిల్ల పోతే నీ చెవిల అరిచేదెవరు, ఖాసిం?” అని పక్కింటి సోమమ్మ అడిగింది. దూదేకే వింటి మోతకు చిట్యాల ఖాసిం చెవులు ఎప్పుడో మందగించాయి. భార్య పోయాక అతనితో గొంతెత్తి మాట్లాడేది కూతురు రబియా ఒక్కతే. కాలేజీలో చేరేముందు నల్గొండలో వేసవి క్లాసులకు పోతానంది ఆ పిల్ల: నలభై రోజులు, ఫీజు ఆరు వందలు. “సోమవ్వ గొంతు సాలదా, నాయినా?” అని నవ్వింది. ఆరు వందలు అప్పు పుడతాయి. నలభై రోజుల మాటలు ఎక్కడా పుట్టవు. కూతురిని తీసుకుని నల్గొండ పోయాడు. అక్కడ క్లాసుల సారు చదువు గురించి చెప్పింది ఖాసింకు సగం వినపడలేదు. లేచి హాస్టల్ పరుపు నొక్కి చూశాడు. “దూది మంచిగ ఏకిపిచ్చిండ్రు సారూ. సదువు గూడ గిట్లనే చెప్తరు” అని నాలుగు వందలు చేతిలో పెట్టాడు. ఇప్పుడు దూదేకుతూ మధ్యమధ్య విల్లు ఆపి, కాస్త వినపడే కుడిచెవి గుమ్మంవైపు తిప్పుతాడు. ఫీజులో ఇంకా రెండు వందలు బాకీ.