బంగారం లేదని చెప్పిన మావయ్య

మా మావయ్య పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో వాలినవాడు మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. కబురు వచ్చేసరికి నేను పోర్ట్ క్లాంగ్ రేవులో, కంటైనర్లు దించే యార్డు ఆఫీసులో ఉన్నాను. బయట లారీల హారన్లు, ఫోనులో అత్త గొంతు సరిగా వినపడలేదు. "ఏటి అత్తా?" అని గట్టిగా అడిగాను. "మావ ఎల్లిపోనాడే అమ్మీ," అని ఆవిడ రెండోసారి చెప్పాల్సి వచ్చింది. భర్త పోయాడన్న మాట ఒక మనిషి చేత రెండుసార్లు చెప్పించిన ఆ లారీల మీద నాకు ఇంకా కోపమే. కానీ ఇది రాస్తున్నది లారీల మీద కోపంతో కాదు, మీ మీద కోపంతో. మన తెలుగు సంఘంలో ఇది చదువుతున్న మీలో చాలామంది ఆయన చావుకు వచ్చారు, పెద్దకర్మ భోజనం తిన్నారు. కాబట్టి ఇదీ చివరిదాకా చదవండి.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. ఈ మలేషియాలోనే, సుంగై సుమున్ దగ్గర ఎస్టేటు కూలీల లైను ఇంట్లో పుట్టాడు. తాత పామాయిల్ గెలలు కోసేవాడు. మావయ్య రాళ్ళ చదువు చదివి బంగారం వెతికే పనిలో చేరాడు. ఆ పని ఎక్కడో ఉత్తర ధ్రువం వైపు, చెట్టన్నదే మొలవని నేల మీద. అక్కడ మంచు కరిగి మట్టి కంటపడేది ఏడాదిలో కొన్ని వారాలే. ఆ కాస్త సమయంలో హెలికాప్టర్ దింపిన చోట డేరా వేసుకుని, మట్టి సంచులకెత్తి, రాయి పగలగొట్టి చూసి, ఈ కొండని నమ్ముకోవచ్చా లేదా అని తేల్చాలి. అది గని పని కాదు, గనికి ఎన్నో ఏళ్ళ ముందు జరిగే పని. చాలా కొండల్లో ఏమీ ఉండదు. ఆ మాట చెప్పేసి డేరా ఎత్తేస్తారు.

ఇది ఆయన మీకు ఎన్నిసార్లు చెప్పలేదు? అయినా ఎవరింట్లో పెళ్ళైనా ఒకటే ప్రశ్న. "ఏటి బావా, ఈ తడవ ఎంత తెచ్చినావు?" ఆడవాళ్ళ చూపులు నేరుగా అత్త మెడ మీదికి. ఆవిడ మెడలో పుస్తెల తాడు తప్ప ఏమీ లేదు. బంగారం వెతికేవాడి పెళ్ళాం మెడ చూడండి అని నవ్వుకున్నారు. మావయ్యకి కోపం వచ్చేది కాదు. "నా పని బంగారం తేవడం కాదు లా. నేదని సెప్పడం. నేదని సెప్పడానికే నాకు జీతం," అని, ఇక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి, తానూ నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఆయన పడవలసిన కోపం కూడా చిన్నప్పటినుంచీ నేనే పడుతున్నాను.

ఆయనకో పాడు అలవాటు ఉండేది. కనబడ్డ రాయి తీసి నాకేవాడు. తడి చేస్తే రాతిలో గీతలు, మెరుపులు బాగా తెలుస్తాయట. అక్కడి కొండల మీద గాలికి నీళ్ళ సీసా తీయడం బద్ధకమై మొదలైన అలవాటు, ఇక్కడా పోలేదు. కౌలాలంపూర్‌లో మా అన్నయ్య పెళ్ళినాడు, మండపం బయట కార్లు నిలిపే చోట గులకరాయి ఒకటి తీసి, పట్టు పంచెలో నిలబడి, నాలుక మీద పెట్టుకున్నాడు. ఆడపెళ్ళివారి ముసలాయన మా అమ్మ దగ్గరికి వచ్చి, "మీ తమ్ముడికి ఒంట్లో బాగుందా అమ్మా?" అని అడిగాడు. అమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అత్త మాత్రం చేతిరుమాలు ఇచ్చి, "ఉప్పగా ఉన్నాదేటి?" అంది.

బంగారు రేణువుల గురించి ఆయన చెప్పిన సంగతి ఒకటి నాకు బాగా గుర్తు. ఆ దేశంలో వెనకటికెప్పుడో మంచు కదులుతూ నేలనంతా ఈడ్చుకుపోయింది. మట్టి కడిగితే దొరికే రేణువుని భూతద్దం కింద చూస్తారు. అంచులు పదునుగా ఉంటే పుట్టిన చోటు దగ్గరే. అరిగి గుండ్రంగా ఉంటే చాలా దూరం వచ్చిందన్నమాట. నేను మాట్లాడుతూ తెలుగులోంచి తమిళంలోకి, అందులోంచి మలయ్‌లోకి దొర్లినప్పుడల్లా వేలితో నా భుజం తట్టి, "అమ్మీ, అంచులు అరిగిపోతన్నాయి," అనేవాడు. నేను కసురుకునేదాన్ని. ఇప్పుడు ఆ మాట అనే మనిషి లేడు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఆయన చివరిగా చూసిన కొండ ఒకటుంది. అక్కడ రాతిని సన్నటి కడ్డీలా తొలిచి తీశారు. కడ్డీని నిలువునా చీల్చి సగం పరీక్షకు పంపితే, ఒక్క ముక్కలో బంగారం బాగా ఉందని వచ్చింది. కంపెనీ వాళ్ళు గంతులేశారు. మావయ్య గంతులేయలేదు. అదే ముక్క మిగతా సగాన్ని పంపాడు. ఏమీ లేదు. అటూ ఇటూ మళ్ళీ చూశాడు, ఎక్కడా లేదు. "ఒక్క గింజ లా. ఆ గింజ ఆ సగంలో పడ్డాది, అంతే. దాన్నట్టుకుని కొండంతా బంగారమంటే ఎలాగ?" అని మా వరండాలో టీ తాగుతూ చెప్పాడు. అది దుప్పులు పిల్లలు పెట్టే చోటట. ఉందంటే హెలికాప్టర్లు, యంత్రాలు అన్నీ వాటి మీదికే వస్తాయి. ఎలుగుబంట్లు రాకుండా తుపాకీతో కాపలా కాసిన అక్కడి వేటగాడు ఆయన్ని రోజూ ఒకటే అడిగేవాడట, ఉందా లేదా అని. కంపెనీ యజమాని కూడా అడిగాడు కానీ, లేదన్న జవాబు ఆయనకు అక్కర్లేదు. ఉండొచ్చు అనమన్నాడు. మావయ్య అనలేదు. పని మానేసి ఇంటికి వచ్చేశాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. దహనానికి ముందు ఆచారం ప్రకారం నోట్లో కాస్త బంగారం వేయాలన్నారు. అత్త పుస్తెల తాడు నుంచి చిన్న గుండు తీసి ఇచ్చింది. వెనకనుంచి ఎవరో, "ఇన్నాళ్ళకి దొరికినాది పాపం," అన్నారు. కొందరు నవ్వు ఆపుకున్నారు. ఎవరన్నారో నాకు తెలుసు. పేరు రాయను, కానీ మర్చిపోను.

పెద్దకర్మ నాడు కంపెనీ తరఫున ఒక పెద్దమనిషి పూలదండ పట్టుకుని దిగాడు. మావయ్య ఫోటోకి దండ వేసి, అత్త ముందు కూర్చుని, ఆ కొండకి ఆయన పేరు పెడతామన్నాడు. ఆయన స్మృతికి గౌరవమట. ప్రకటన వేస్తారట, హెల్మెట్‌తో ఉన్న ఫోటో కావాలట. అతని ఇంగ్లీషు మాటలు నేను అత్తకి తెలుగులో చెబుతున్నాను. అత్త ఒక్కటే అడగమంది. "ఆ కొండలో బంగారం ఉన్నాదా?"

ఆ పెద్దమనిషి ఆశలు బాగా ఉన్నాయన్నాడు.

"మా ఆయన నేదన్నాడు. నేదన్న కొండకి ఆయన పేరెడితే, ఆయనే ఉందన్నట్టు అవద్దా? వద్దని సెప్పు."

ఇది విని మన సంఘం పెద్దాయన పరుగున వచ్చాడు. "అక్కా, ఆలోచించు లా. ప్రపంచం మ్యాపులో మన తెలుగోడి పేరు ఉంటాది. మన తాతలు గెలలు కోసినారు. మనకింక ఏటి ఉన్నాది?"

"మ్యాపులో నేకపోతే నేదు," అంది అత్త. "సోటు సాలకపోతే పక్క పందిట్లో ఆకులేస్తారు, అన్నం తినండి."

అయినా కంపెనీ వాళ్ళు పేరు పెట్టేశారు. అడిగింది మర్యాదకేనట. ప్రకటన వచ్చింది, అందులో మావయ్య ఆ కొండని 'కనుగొన్న' మహానుభావుడు. ఆ వారమే కౌలాలంపూర్ హాల్లో మీరు బ్యానర్ కట్టారు. ఆర్కిటిక్‌లో మన తెలుగు కొండ. కింద పెద్ద అక్షరాల్లో ఆయన పేరు. ఆయన బతికున్నప్పుడు ఎగతాళి, పోయాక బ్యానర్. ఆయన ఏమన్నాడో మీలో ఒక్కరైనా అడిగారా? ఆయన బతుకంతా సంపాదించుకున్నది 'లేదు' అన్న ఆ ఒక్క మాటే. దాన్ని పోయిన మనిషి నోట్లోంచి లాగేసుకుని, తిరగేసి, గోడకి కట్టారు. ఈ వ్యాసంలో ఎక్కడా నేను ఆయన పేరు రాయలేదు, చూశారా? అత్త వద్దంది. ఆ పేరు వాళ్ళ అబద్ధం మీద అంటించి ఉన్నన్నాళ్ళూ మనం దాన్ని పలకొద్దంది.

అత్త, నేను రైలెక్కి వెళ్ళాం. హాల్లో పెద్దాయన ఉన్నాడు. అత్త చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని, దానిమీదెక్కి బ్యానర్ తాళ్ళు విప్పింది.

"అక్కా, ఏటి సేస్తన్నావు?"

"మా ఆయన పేరు ఇంటికి తీసుకెల్తన్నాను."

ఆయన అడ్డం రాలేదు. రైల్లో ఆ మడత ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. ఏడుపు నాకే వచ్చింది, అదీ కోపంతోనే.

నిన్న మళ్ళీ అత్త ఇంటికి వెళ్ళాను. పెరట్లో సిమెంటు మీద ఆ బ్యానర్ పరిచి ఉంది. అక్షరాలు కిందికి, తెల్లటి వెనకవైపు ఎండకి. దాని నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. గాలికి ఒక మూల లేచి ఆయన పేరులోని చివరి అక్షరం కనబడింది. అత్త లేచి, ఆ మూల కిందికి తిప్పి, దానిమీద ఇటుక పెట్టింది. పెట్టి, మిరపకాయలు సర్దుతూ కూర్చుంది.