మోదుగాకు కిరీటం

నాలుగేళ్ల పాప సొంతంగా కుట్టుకున్న కిరీటాన్ని మా టీచరమ్మ ఇయ్యాల చెత్తబుట్టలో పడేసింది.

నేను ప్లేస్కూల్లో ఆయాను. ఇయ్యాల పిల్లలకు రాకుమారి ఆట. కిరీటాలు చేస్తుంటే బంగారు రంగు కాగితం అయిపోయింది. గూడెం నుంచి వచ్చే స్వాతి ఏడవలే. గోడవతలి మోదుగాకులు నాతో తెప్పించుకుని, వాళ్ల నాయనమ్మ ఇస్తరాకులు కుట్టినట్టే చీపురుపుల్లలతో కుట్టి నెత్తిన పెట్టుకున్నది.

టీచరమ్మ ఫొటో తీయబోయి ఆగింది. "ఏంది ఆయమ్మా, రాకుమారి నెత్తిన ఇస్తరాకా? తల్లిదండ్రుల గ్రూపులో నవ్వుతరు."

"కాగితం కిరీటాలన్నీ నేను కత్తిరించి అంటించినవే మేడం. పిల్ల చేసుకున్నది ఇదొక్కటే" అన్న.

వినలే. కిరీటం పీకేసి, పాపను ఉత్త తలతో చివర్న నిలబెట్టి ఫొటో తీసింది. తర్వాత స్వాతి నన్ను మెల్లగ అడిగింది, "అక్కా, కుట్లు వంకరున్నయా?"

పిల్లకు ఏం జవాబు చెప్పాలె? మీకు తెలిస్తే చెప్పుండ్రి.

టీచర్ మేడం, నా వాట్సాప్ స్టేటస్ మీరు రోజూ చూస్తరు. కిరీటం బుట్టలోంచి తీసి తడిగుడ్డలో చుట్టి పెట్టిన. ఆకు రేపటిదాకనే ఆగుతది. పొద్దుగాల ప్రార్థనకు ముందే అది మీ చేత్తో స్వాతికి పెట్టి, ఫొటో అదే గ్రూపులో పెట్టాలె. పెడతరో లేదో ఇయ్యాల రాత్రి ఎనిమిదిలోపు జవాబియ్యుండ్రి.