షాకిరా సంచిలోని నాలుగు ఫారాలు

షార్జాలో ఎలక్ట్రీషియన్‌గా చేసే నెల్లూరు కరీముల్లా ఈ సాయంత్రం కూతురు షాకిరాతో మా గదికి వచ్చాడు. మెడికల్ కాలేజీల దరఖాస్తులున్న ఆరు కవర్లు నా చేతికిచ్చాడు. సెలవు మీద రేపు ఊరెళ్తున్న నేను వాటిని అక్కడ పోస్టు చేయాలి. ఈ వారంతో గడువు ముగుస్తుంది.

విలేకరిని కాబట్టి చదవకుండా ఏదీ తీసుకోను. ఆరూ మన రాష్ట్రం కాలేజీలే. అన్నింటిలోనూ ‘స్థానికురాలు’ అని రాశాడు.

“షాకిరా చదివింది ఇక్కడే కదా?” అన్నాను.

“ఐదో క్లాసు నించీ ఈడే. అయితే ఏందన్నా? మా తాతముత్తాతలంతా నెల్లూరోళ్లే గదా!”

ఫారం వెనకున్న నిబంధన చదివి వినిపించాను. లెక్కలోకి వచ్చేది పుట్టిన ఊరు కాదు, చివరి నాలుగేళ్లు చదివిన చోటు. ఆరింటిలోనూ ఆ అమ్మాయి బయటి మనిషే. బయటివాళ్లకుండే కొద్ది సీట్ల కోసమే పోటీ పడాలి.

“నెల నించీ చెప్తానే ఉండా అబ్బాజాన్, నువ్వు వింటివా?” అంది షాకిరా.

“ఖలాస్ తల్లీ, ఇంక చాలు, తప్పు నాదే. ఇప్పుడేం జెయ్యాల?”

ఆమె సంచిలోంచి, బయటివాళ్లకు ఎక్కువ సీట్లుండే పక్క రాష్ట్రాల కాలేజీల ఫారాలు నాలుగు తీసింది. అన్నీ నింపి ఉన్నాయి, తండ్రి సంతకం తప్ప. రెండు ఆమె మార్కులకు సరిపోయే కాలేజీలు, రెండు తప్పకుండా దొరికేవి. పాత కవర్లలో రెండే, ‘స్థానికురాలు’ కొట్టేసి ఉంచాం, ఆశ కోసం.

కరీముల్లా నాలుగింటి మీదా సంతకం పెట్టాడు. నా మనసు కుదుటపడింది. మీ ఇంట్లో ఇలాంటి కాలేజీల జాబితా ఎవరు రాస్తున్నారు, చదివేవాళ్లా, చదివించేవాళ్లా?