ఒకే పేరున్న తోడికోడళ్లు

ఆ ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళాలక్క అనేవాళ్లు. నిజానికి ఆమె దగ్గర తాళంచెవి ఒక్కటీ లేదు. రోగుల వివరాలన్నీ దాచిన డేటాబేస్ ఆమె చేతిలో ఉండేది. ఎవరు ఏది చూడాలన్నా, ఏది మార్చాలన్నా ఆమె అనుమతిస్తేనే. "బీరువా తాళాలకి మా అత్తగారు కూడా ఇంత సతాయించలేదక్కా!" అని కొత్త డాక్టర్లు ఏడిపించేవాళ్లు. "మీ అత్తగారి బీరువాలో చీరలుంటాయి బాబూ. ఇక్కడ మనుషులున్నారు" అనేది, నవ్వకుండా.

పదకొండేళ్లుగా ఆమె పొద్దు ఒక్కలాగే మొదలయ్యేది. ఎనిమిదింటికల్లా మెట్ల కింద గదిలోకొచ్చి, సంచీ కుర్చీకి తగిలించి, ముందు బ్యాకప్ పూర్తయిందో లేదో చూసేది. తర్వాత డిస్కులో చోటెంత మిగిలింది, ఏ వార్డులో కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది, ఉద్యోగం మానేసినవాళ్ల పాస్‌వర్డులు ఇంకా పనిచేస్తున్నాయా అని చూసేది. శనివారం వచ్చిందంటే ఒక పాత బ్యాకప్‌ని పక్కనున్న ఖాళీ మెషీన్‌లో తెరిచేది. కాపీ ఉందని గుండెల మీద చెయ్యేసుకుంటే చాలదు, అవసరానికి తెరుచుకోవాలి కదా.

ఆ ఏడాది ఆసుపత్రి కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారుతోంది. ఈలోగా ఒకే మనిషికి రెండేసి ఉన్న రికార్డులను కలిపెయ్యమన్నారు. మూడొందల పన్నెండు జతలు తేలాయి. కలిపే ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి అడగాలి. ఎత్తకపోతే మూడుసార్లు చెయ్యాలి. ఆ నియమం రాసింది తనే. రెండొందల డెబ్బై దాకా తు.చ. తప్పకుండా పాటించింది కూడా. ఆఖరి రోజు సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి, "ఇంకా అవలేదా తల్లీ? పైవాళ్లు నా తల తినేస్తున్నారు" అన్నాడు. దాంతో మిగతావాటికి ఒక్కసారే చేసింది. ఎత్తనిచోట పేరూ, ఇంటిపేరూ, డోరు నంబరూ, పుట్టిన ఏడాదీ కలిస్తే చాలనుకుని కలిపేసింది. రెండింట్లో తర్వాత నమోదైన వివరం మిగులుతుంది, పాతది పోతుంది.

మూడు వారాలకి ఒకావిడని ఒళ్లు తెలియని జ్వరంతో పక్కింటివాళ్లు తీసుకొచ్చారు. ఇంజెక్షన్ ఇచ్చిన పావుగంటలో ప్రాణం పోయింది. ఆ మందు ఆవిడకి పడదు. "తెర మీద పడని మందులు ఏమీ లేవని ఉంది సార్, చూసే ఇచ్చాను" అని నర్సు ఏడ్చింది. పోయినావిడ తోడికోడలు పరుగున వచ్చి, "పడదని రెండేళ్ల కిందట నేనే పక్కనుండి రాయించాను కదయ్యా!" అని వరండాలో కూలబడింది. రాయించింది ఎలా పోతుంది? తప్పు కప్పిపుచ్చుకోడానికి నర్సే చెరిపేసి ఉంటుందన్నారు. ఆ పిల్లని ఆ పూటే ఇంటికి పంపేశారు. ఎవరు ఎప్పుడు చెరిపారో తేల్చమని తాళాలక్కకి చెప్పారు.

ఎవరు ఏది మార్చినా డేటాబేస్ గుర్తుపెట్టుకుంటుంది. ఆ మార్పుల లాగ్ తెరిచింది. తేదీ మూడు వారాల నాటిది. మార్చినవాళ్ల పేరు దగ్గర తన పేరుంది.

నెల కిందటి బ్యాకప్‌ని ఖాళీ మెషీన్‌లో తెరిచింది. అక్కడ ఇద్దరున్నారు. ఒకే పేరు, ఒకే ఇల్లు, ఒకే ఏడాది పుట్టారు. భర్తల పేర్లు మాత్రం వేరు. అన్నదమ్ములు. భర్త పేరున్న గడి ఆ రోజు ఆమె చూడనే లేదు. ఒకరి వరుసలో పడని మందు పేరుంది, తర్వాత నమోదైన రెండో వరుసలో ఏమీ లేవని ఉంది; కలిపినప్పుడు మిగిలింది అదే.

కాగితం పట్టుకుని సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"ఎవరమ్మా చెరిపింది?"

"నేనే సార్."

ఆయన తలుపు మూసి వచ్చాడు. "ఇది నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"తను చెయ్యలేదని ఆ నర్సుకి తెలుసు."

"ఇంకా తొమ్మిదేళ్ల సర్వీసుంది నీకు. చేజేతులా పోగొట్టుకుంటావా?"

"చేజేతులా చేసిందే కదా సార్" అని కాగితం బల్ల మీద పెట్టింది.

మర్నాడు తోడికోడలు తనే వెతుక్కుంటూ మెట్ల కింద గదికి వచ్చింది. తాళాలక్క లేచి కుర్చీ ఇచ్చి, ఏదీ దాచకుండా చెప్పింది. పాత కాపీలోని రెండు వరుసలూ చూపించింది. ఆవిడ తెర మీద వేలు పెట్టి, "ఇది మా అక్క. ఇది నేను. ఇంట్లో పెద్దది, చిన్నది అని పిలిచేవాళ్లు, పేరు పెడితే ఇద్దరం పలుకుతామని" అంది. తెర మీంచి వేలు తీసి, "మీరు చెప్పిన ఆ రోజు సాయంత్రం ఫోన్ మోగింది. స్నానానికెళ్లాను. అక్కకి మోకాళ్ల నొప్పులు, లేవలేదు. అవసరమైతే మళ్లీ చేస్తారులే అనుకున్నాం" అంది.

"మళ్లీ ఎందుకు చెయ్యలేదు?" అని ఆవిడే అడిగింది. తిట్టలేదు, శపించలేదు, అడిగిందంతే. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

నర్సుని తిరిగి పనిలోకి తీసుకున్నారు. నడవలో ఎదురైనప్పుడు ఆ పిల్ల తల తిప్పుకుంది. తాళాలక్కని మానిపించారు. గడువు పెట్టి తొందరపెట్టినవాళ్ల ఊసు విచారణలో ఎక్కడా రాలేదు. వెళ్లే ముందు ఆమె ఆ రోజు హడావిడిగా కలిపినవాటిలో మిగిలిన నలభై ఒక్క జతలకీ మొదట్నుంచి ఫోన్లు చేసింది. ఇంకో రెండు తప్పులు బయటపడ్డాయి. ఆ మనుషులంతా బతికే ఉన్నారు. తోడికోడళ్ల రికార్డుని మళ్లీ రెండు చేసి, పెద్దావిడ వరుసలో మరణించిన తేదీ వేసింది.

ఆ తర్వాత రెండు చోట్ల పని అడిగింది. పాత ఉద్యోగం ఎందుకు పోయిందన్నారు. ఉన్నదున్నట్టు చెప్పింది. కబురు చేస్తామన్నారు, చెయ్యలేదు.