కిరాయి వద్దన్న వెబ్‌సైటు

మా వెబ్‌సైటు మా ఇంట్లోనే ఉండాలని పట్టుబట్టింది మా మామగారు. అప్పటిదాకా ఆయన కంప్యూటర్‌ను దూరం నుంచి చూడటమే తప్ప ముట్టుకున్నది లేదు. అయినా కిరాయి అన్న మాట చెవిన పడగానే ఆయనకు విషయమంతా అర్థమైపోయింది.

మాకు దూలపల్లిలో ఇనుప గేట్లు, గ్రిల్స్ చేసే చిన్న షెడ్డు ఉండేది. ఇల్లు మేడ్చల్‌లో, బస్ డిపో వెనక. అప్పుడప్పుడే సిటీవాళ్ళు శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌ల కోసం భూములు కొంటున్నారు. వాళ్ళు ముందు గేటు పెట్టించేవారు. గోడ తర్వాత, ఇల్లు ఎప్పుడో. ఏనుగు పట్టే గేటు తోసుకుని లోపలికి పోతే కాపలా మనిషి గుడిసె, ఎండిపోతున్న రెండు మామిడి మొక్కలు కనిపించేవి. నవ్వుకునేదాన్ని గానీ మాకు అన్నం పెట్టింది ఆ గేట్లే.

అలాంటి గేట్లు కొనేవాళ్ళు పొద్దంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటారు కాబట్టి మన గేట్లు అక్కడే కనబడాలని మా మరిది తేల్చాడు. అతను అమీర్‌పేటలో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్‌కు లామినేషన్ చేయించుకుని వచ్చి ఉన్నాడు. వెబ్‌సైటు అన్నది ఎప్పుడూ ఆపకుండా నడిచే ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండాలని, అలాంటి కంప్యూటర్లలో జాగా కిరాయికి ఇచ్చే కంపెనీలు ఉన్నాయని అన్నం తింటూ చెప్పాడు. మామగారు ముద్ద ఆపేశారు.

"కిరాయా? పద్దెనిమిదేండ్లు కిరాయి ఇండ్లల్ల ఉన్న నేను. రాత్రి ఎనిమిదైతే నల్లా బంద్ జేసేటోడు ఒకడు. చుట్టాలొస్తే మెట్ల మీద నిలవడి ఎంతమందో లెక్కవెట్టేటోడు ఇంకొకడు. ఇగ నా గేట్లను గూడ కిరాయికుంచాల్నా?"

"నాయినా, అందరు గట్లనే చేస్తరు."

"అందరికి సొంతిల్లు లేదు గావచ్చు. మనకున్నది."

మా ఆయన ఎటూ చెప్పకుండా చారు పోసుకున్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, ఇద్దరి మధ్య ఎవరు గెలిస్తే వాళ్ళ వైపు. సొంత కంప్యూటర్‌లోనే పెట్టడం తనకు వచ్చునని మరిది మెల్లగా బయటపెట్టాడు. సగమే వచ్చునని తర్వాత తెలిసింది.

కరెంటుతో నడిచేది అగ్ని కనుక కొత్తగా కొన్న కంప్యూటర్ ఆగ్నేయంలో ఉండాలన్నారు మామగారు. ఆగ్నేయంలో వంటిల్లు ఉంది. పోపు చిట్లి మీద పడుతుందని నేనంటే, వంటింటికి ఆనుకుని ఉన్న గదికి దించారు. ఆ గదిలో నేనూ, నిండా రెండేళ్ళు లేని నా కూతురూ పడుకునేవాళ్ళం. అలా మా పిల్ల మంచానికి మూరెడు దూరంలో మా వ్యాపారానికి ప్రపంచంలోకి ద్వారం తెరుచుకుంది. ఆ రోజు కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, గుప్పెడు అగరుబత్తులు వెలిగించారు. ఆ పొగకు పిల్ల సాయంత్రం దాకా దగ్గింది.

దానికి ఆయాసం ఉండేది. చల్లగాలి తగిలినా, దుమ్ము లేచినా డొక్కలెగరేసేది. మందును ఆవిరిలా చేసి మూతికి అందించే చిన్న మెషిన్ ఇంట్లో పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఎండాకాలం మేడ్చల్‌లో కరెంటు ఎప్పుడు పోతుందో తప్ప ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఆ మెషిన్ కోసమే ఇన్వర్టర్ కొన్నాం. పిల్ల నిద్రపోతుంటే దాని రొమ్ము మీద చెయ్యి వేసి ఊపిరి చూసేదాన్ని, లేచి ఇన్వర్టర్ చూసేదాన్ని, మళ్ళీ వచ్చి ఊపిరి చూసేదాన్ని.

వారం తిరక్కుండానే మరిది ఆ ఇన్వర్టర్ దగ్గర నిలబడ్డాడు.

"వదినా, కరెంటు వోయి మోడెం బంద్ అయితే నెట్‌ల మన నంబర్ మారిపోతాంది. ఇల్లు ఒక తాన, అడ్రసు ఒక తాన అయితాంది. వచ్చేటోళ్ళు పరేషాన్ అయితరు. కంప్యూటర్‌ను, మోడెంను దీనికి తగిలిస్త."

"మరి పిల్ల మెషిన్?"

"దానికెంత, పది నిమిషాల పని. మస్తు బ్యాటరీ ఉంటది."

కంప్యూటర్ పొద్దంతా తాగితే మస్తు బ్యాటరీ కూడా మిగలదని మా ఆయనతో అన్నాను. "వాడు నేర్చుకొని వచ్చిండు గదనే," అన్నాడు. నేను ఫిజిక్స్‌తో బీఎస్సీ పాసయ్యాను. ఆ సంగతి పెళ్ళిచూపుల నాడు అందరూ అడిగి తెలుసుకున్నారు, తర్వాత ఎవరికీ అవసరం పడలేదు. నేనూ గట్టిగా అనలేదు. అనలేదన్నది నా తప్పే.

వెబ్‌సైటులో ఏం రాయాలన్నది నాకే అప్పగించారు, ఇంగ్లీషు వచ్చని. గేట్ల ఫోటోలు, కొలతలు, నాలుగు ముక్కలు రాశాను. మామగారు అర్థం చెప్పించుకుని విన్నారు.

"ఇంటికొచ్చినోళ్ళకు ముందుగాల మంచినీళ్ళియ్యాలె. రాంగనే గేట్లు కొనుమంటే ఏం మర్యాద?"

ఆయనకు ఎదురు చెప్పలేక మరిది మొదటి పేజీలో నీళ్ళున్న స్టీలు గ్లాసు ఫోటో పెట్టాడు. గ్లాసు పెద్దది, గేటు దాని కింద ఎక్కడో. ఆ వెబ్‌సైటు చూసి మాకు వచ్చిన ఫోను ఒక్కటే. స్టీలు సామాన్లు హోల్‌సేల్‌గా ఇస్తారా అని ఎవరో అడిగారు.

పేజీ అడుగున వచ్చినవాళ్ళను లెక్కపెట్టే మీటరు ఉండేది. అది మాత్రం ఆగకుండా పెరిగింది. రోజుకు ఇరవై, ఒక్కో రోజు ముప్పై. రాత్రి అన్నాల దగ్గర మామగారు అడిగేవారు.

"ఇయ్యాల ఎంతమంది?"

"ఇరవై ఆరు, నాయినా."

"గట్లుండాలె ఇల్లు."

ఇంతమంది వచ్చి ఒక్క గేటైనా కొనరేమని నేనంటే, చూసిపోయినవాళ్ళే రేపు కొంటారని ముగ్గురూ నాకు వ్యాపారం చెప్పారు.

మే నెలలో ఒక ఆదివారం పొద్దున పదింటికి కరెంటు పోయింది. మామగారు, మా ఆయన శామీర్‌పేటలో గేటు బిగించడానికి వెళ్ళారు. మరిది ఊళ్ళో ఎక్కడో ఉన్నాడు. పన్నెండున్నరకు పిల్ల నిద్రలోనే పిల్లికూతలు మొదలుపెట్టింది. ఎత్తుకుని చూస్తే డొక్కలు లోపలికి పోతున్నాయి. కప్పులో మందు పోసి, మూతికి పెట్టి స్విచ్చి వేశాను. మెషిన్ రెండు సార్లు గుర్రుమంది. ఇన్వర్టర్ పొడుగ్గా ఒక కూత కూసి ఆగిపోయింది. పక్కన కంప్యూటర్ కూడా ఆరిపోయింది. రెండున్నర గంటలుగా అది బ్యాటరీ తాగుతూనే ఉంది.

పక్కింటి అక్క నర్సు. ఆదివారం కనుక గల్లీ చివర చర్చిలో ఉంటుందని, అక్కడ మైకుల కోసం జనరేటర్ నడుస్తుందని తట్టింది. పిల్లను భుజాన వేసుకుని, మెషిన్ చంకలో పెట్టుకుని, చెప్పులు లేకుండా పరుగెత్తాను. గుమ్మంలో నన్ను చూస్తూనే అక్క పాట మధ్యలో లేచి వచ్చింది. పిల్ల రొమ్ము చూసి, నేరుగా పోయి ఒక సౌండ్ బాక్సు వైరు పీకింది.

"అక్కా, ప్రార్థన నడుస్తుండగా..." అని ఎవరో గొణిగారు.

"ప్రార్థన మైకు లేకున్నా నడుస్తది. దీని ఊపిరి నడవద్దా? ఇటు తే బిడ్డా, జల్దీ."

పాట ఆగలేదు. గొంతులతోనే ఇంకాస్త గట్టిగా పాడారు. వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, పిల్ల ముఖం ముందు తెల్లటి పొగ తిరుగుతుంటే డొక్కలు ఎన్నిసార్లు ఎగురుతున్నాయో లెక్కపెట్టాను. నాలుగో పాటకు కాస్త నెమ్మదించాయి.

రెండింటికి కరెంటు వచ్చింది. కాసేపటికి మరిది గుమ్మంలోంచే అడిగాడు.

"వదినా, సైటు కనవడ్తలేదు. ఏమన్న బంద్ జేసినవా?"

"నేను జెయ్యలే. నీ కంప్యూటరే బ్యాటరీ అంత తాగి బంద్ వడ్డది. దాని ఎనుక పిల్ల ఊపిరి గూడ బంద్ అయ్యేది."

సాయంత్రం మిగతా ఇద్దరూ వచ్చాక జరిగింది చెప్పి, కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీది నుంచి తీసెయ్యాలన్నాను. మా ఆయన పిల్ల తల నిమిరాడు. నిమిరి, "రోజు ముప్పై మంది వస్తున్నరు, మధ్యల బంద్ జేస్తే ఎట్లనే?" అన్నాడు.

"ఎవరా ముప్పై మంది?"

ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చిందీ కంప్యూటర్ రాసి పెట్టుకుంటుందట. తీసి చూడమన్నాను. మరిది చాలాసేపు పేజీలు కిందికి జరిపాడు. స్టీలు సామాన్లు అడిగిన ఆ ఒక్కరు తప్ప వచ్చినవాళ్ళందరూ రెండు చోట్ల నుంచే వచ్చారు. ఒకటి మా ఇల్లే, అది మరిది. రెండోది డిపో దగ్గరి నెట్ సెంటర్.

"నేను ఇంట్ల ఐదారు సార్లే సూస్త. నెట్ సెంటర్‌కు ఇయ్యాల ఒక్కనాడే వోయిన," అన్నాడు మరిది.

"రోజు వొయ్యేది నేనే," అన్నారు మామగారు గోడ వైపు చూస్తూ. "గా నెట్ సెంటరామె మంచిది. తీసి సూపెట్టుమంటె తీస్తది. మూసి మల్ల తియ్యమంటె తీస్తది. కొత్త ఇల్లు. ఎవ్వలు రాకపోతే బాగుండదని..."

నవ్వు రావలసిన మాట. నా భుజం మీద పిల్ల ఇంకా గురక పెడుతోంది.

"మీ ఒక్కరి రాకపోకల కోసం పిల్ల మెషిన్‌కు కరెంటు లేకుంట చేసిండ్రు, మామా."

మా ఆయనకు గెలుపు ఎటు వైపో తెలిసిపోయింది. "సరె, కిరాయికే పెడదాం తియ్యి," అన్నాడు.

"కిరాయిల..." అని మామగారు మొదలుపెట్టారు.

"గేట్లు కిరాయికి ఉంటయి. పిల్లకు ఊపిరి ఎవ్వరు కిరాయికియ్యరు."

ఆ ఇంట్లో నేను అంత గొంతుతో మాట్లాడటం అదే మొదలు. మామగారే లేచి, మోకాళ్ళ మీద వంగి, ఇన్వర్టర్‌లోంచి కంప్యూటర్ వైరు లాగేశారు. కరెంటు పోతే ఎలా ఉంటుందో చూడటానికి మరిదితో మెయిన్ స్విచ్చి ఆపించారు. చీకట్లో తడుముకుంటూ పిల్ల మెషిన్ ప్లగ్గు పెట్టి, నాతో కప్పులో మందునీళ్ళు పోయించి, స్విచ్చి వేశారు. ఆవిరి ముందు అరచెయ్యి అడ్డం పెట్టి చూశారు.

"వస్తాంది బిడ్డా," అన్నారు.

నేను ఆయన మాట నమ్మలేదు. పిల్లను ఇంకో భుజానికి మార్చుకుని, వెళ్ళి నా చెయ్యి కూడా పెట్టి చూశాను.