కరివేపాకు మొక్కకిచ్చిన గది

మూడు నెలలకోసారి ఉషశ్రీ ఆ ఇంట్లో లేనట్టు మాయమవ్వాల్సి వచ్చేది.

పరుపు చుట్టి గరాజ్‌లో పాత కార్పెట్ వెనక దాచేది. పుస్తకాలు, బట్టలు ఇంటావిడ ఇందిరాదేవి ఆంటీ బీరువాలోకి వెళ్ళేవి. గుమ్మం దగ్గర ఆమె చెప్పులు కూడా కనపడకూడదు. పరుపు తీసినచోట హాల్లోని కరివేపాకు కుండీ, బయటి టమాటా కుండీలు వచ్చి కూర్చునేవి. అద్దె ఇల్లు ఎలా ఉంచారో చూడ్డానికి ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన ఏజెన్సీ మనిషి వెళ్ళేదాకా అది మొక్కల గది.

గది అంటే గదీ కాదు. మూడువైపులా అద్దాలున్న సన్‌రూమ్, మన వరండా లాంటిది. ఆ 2006 చలికాలంలో తెల్లారేసరికి అద్దాలకి లోపలివైపు నీళ్ళు కారేవి.

పామర్‌స్టన్ నార్త్ పరాయి దేశంలో చిన్న కాలేజీ ఊరు. అక్కడ నలుగురు కలిసుండే ఫ్లాట్‌లో చేరాలంటే అప్పటికే ఉంటున్నవాళ్ళు మాట్లాడి, నచ్చితే రమ్మంటారు. కర్నూలు నుంచి ఫుడ్ టెక్నాలజీ చదవడానికొచ్చిన ఉషశ్రీకి తొమ్మిది ఇళ్ళలో టీ ఇచ్చారు, చోటివ్వలేదు. పదో ఇంట్లో తెలుగు వినిపించింది.

“కూతురు లాంటిదానివి, మన మధ్య కాగితాలేంటమ్మా!” అన్నారు మధుసూదనరావు.

తండ్రి వయసు మనిషిని కాగితం అడగడం మర్యాద కాదనుకుంది ఉషశ్రీ. ఆ ఇల్లు ఆయనదీ కాదు, అద్దెకు తీసుకున్నదే. అగ్రిమెంట్‌లో ఆయన పేరు, భార్య ఇందిరాదేవి పేరు తప్ప మూడోది లేదు. ఉషశ్రీ దగ్గర మాత్రం వారం వారం అద్దె పుచ్చుకునేవారు.

ఇన్‌స్పెక్షన్ రోజు ఆమె మనవాటు నది ఒడ్డున నడిచేది. ఆంటీ కట్టిచ్చిన పులిహోర సంచిలో ఉండేది. దూరాన కొండల మీద తెల్లటి గాలిమరలు నిద్రలో చేతులు కదిపినట్టు తిరిగేవి. వాటిని చూస్తూ ఆమె ఓ గదిని కట్టుకునేది. దానికి తలుపుంటుంది. తలుపుకి గొళ్ళెం. గోడలోంచి చలి రాదు. ఎవరో “ఇక్కడ ఎవరుంటారు?” అంటే తన పేరు చెబుతారు. మబ్బు దిగి గాలిమరలు ఒక్కొక్కటే మాయమైతే ఆ గదీ కరిగిపోయేది.

తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడల్లా మసకేసిన అద్దం మీద వేలితో తెలుగులో తన పేరు రాసుకునేది. ఎండకి పోయేది. పోయిందనుకునేది.

మూడోసారి ఇన్‌స్పెక్షన్ నాడు ఒకటే వాన. తడిసిన కుండీలు లోపలికి చేర్చేసరికి అద్దాలన్నీ మసకేశాయి. పాత వేలిజాడల్లోంచి అక్షరాలు మళ్ళీ పైకి తేలాయి.

“భలే ఉందే! ఏం రాశారిది?” అనడిగింది ఏజెన్సీ ఆవిడ.

ఆ లిపి ఆవిడకి రాదు. ఏం చెప్పినా చెల్లుతుంది. మధుసూదనరావు “దేవుడి పేరు” అనబోతుండగా ఇందిరాదేవి నోరు తెరిచింది.

“ఇక్కడ పడుకునే అమ్మాయి పేరు.”

ఏజెన్సీ ఆవిడ వెళ్ళాక ఇంట్లో యుద్ధం.

“నీకెందుకే అంత సత్యం? మనల్నీ గెంటేస్తే?”

“లోపలి గదిలో ఏముందో చూశారా? మీ సూట్‌కేసులు! వాటికి హీటరున్న గది, దగ్గుతున్న పిల్లకి అద్దాల వరండా. ఆ కరివేపాకు మొక్క కూడా బతకదండీ అక్కడ!”

సాయంత్రం తడిసి వచ్చిన ఉషశ్రీకి సంగతి తెలిసింది. మొదటిసారి అడిగింది.

“అంకుల్, నాకు కాగితం కావాలి.”

వారానికి ఏజెన్సీ ద్వారా ఇంటి ఓనర్ ఉత్తరం వచ్చింది: సన్‌రూమ్‌లో ఎవరూ పడుకోకూడదు, ఆ అమ్మాయి ఉండాలంటే సరైన పడకగది ఇచ్చి, అగ్రిమెంట్‌లో పేరు చేర్చాలి. సూట్‌కేసులు గరాజ్‌కి వెళ్ళాయి. మధుసూదనరావు సణుక్కుంటూనే అగ్రిమెంట్‌లో ఆమె పేరు రాయించారు. ఉషశ్రీ మాత్రం కొత్త గదిలో మొదటి రోజు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. లేచాక గొళ్ళెం తీసి, మళ్ళీ పెట్టి చూసుకుందట.

ఇది చదివేవాళ్ళలో ఇంటి వెనకాలో, గరాజ్‌లోనో ఓ విద్యార్థిని ఉంచుకున్నవాళ్ళు ఉంటారు. మీరు చెడ్డవాళ్ళని నేననను. ఈ వారాంతంలో అగ్రిమెంట్ బయటికి తీయండి. ఆ పిల్లనో పిల్లాడినో పిలిచి, పడుకునే గదిచ్చి, పేరు రాయించండి. వాళ్ళు అడగలేరు. వాళ్ళ బదులు మీరే అడగండి.