నిన్నటి అన్నం అడిగే ఆచాన్

వైద్య కళాశాల మాస్టారు ఆచాన్ థవిన్ ఎదురుపడి "అన్నం తిన్నావా?" అన్నాడంటే, ఆ పూటకి పెట్టుకున్న పనులు మర్చిపోవలసిందే.

థాయ్ దేశపు ఊరు ఖోన్‌కేన్‌లో ఆ మాట పలకరింపుగా ఎవరైనా అంటారు. తిన్నా తినకపోయినా "తిన్నా" అనేసి ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఆచాన్ పోనిచ్చేవాడు కాదు. "ఏం తిన్నావు?" అనేవాడు. చెబితే "మరి నిన్న?" అనేవాడు. అదీ చెబితే "మొన్న పొద్దున?" కాస్త తడబడ్డామా, చొక్కా జేబులోంచి చిన్న టార్చి తీసి కళ్ళలోకి కొట్టి, గొంతు తగ్గించి అడిగేవాడు: "ఈమధ్య తల ఎక్కడైనా తగిలిందా?"

ఓసారి పెళ్ళిలో దీవెన నీళ్ళు పోయబోయి పెళ్ళికొడుకుని అడిగాడు. వాడికి రాత్రి ఏం తిన్నాడో గుర్తు రాలేదు. ఎక్కడ తిన్నాడో అసలే గుర్తు రాలేదు. పెళ్ళికూతురు తల తిప్పి చూసింది. పెళ్ళికొడుకు తలకి అప్పటిదాకా ఏమీ కాలేదని ఆచాన్ తేల్చాడు. ఆ తర్వాతి సంగతికి ఎవరూ హామీ ఇవ్వలేకపోయారు.

ఇంకోసారి గుడిలో పెద్ద భిక్షువునే పట్టుకున్నాడు.

"భిక్షాపాత్రలో ఏది పడితే అదే నాయనా."

"అయినా నిన్న ఏం పడింది స్వామీ?"

"ఆచాన్, తిన్నదాన్ని తలుచుకోకూడదనే నేను కాషాయం కట్టింది" అన్నాడాయన, మెట్లు ఎక్కేస్తూ.

వైద్య కళాశాల వెనక సందులో లమ్‌దువన్‌కి ఒక బండి ఉండేది. పంది మాంసం పుల్లలకు గుచ్చి బొగ్గుల మీద కాల్చి, వెదురు బుట్టలో జిగురన్నంతో కలిపి అమ్మేది. ఆచాన్ పనిచేసే ఎలుకల గది కిటికీ సరిగ్గా ఆ పొగ మీదికే తెరుచుకునేది. లోపల ఎలుకల తలలకు తగిలిన దెబ్బల మీద ఆయన ఇరవై ఏళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటున్నాడు. ఆ పని ఏమిటో కళాశాల పెద్దలకి చెప్పినప్పుడు వాళ్ళు నిద్రపోయారు. లమ్‌దువన్‌కి మాత్రం ఒక్క మాటలో అర్థమైంది.

"దెబ్బ దొంగలాంటిది చెల్లమ్మా. క్షణంలో వచ్చి పోతాడు. దొంగని పట్టుకుంటామని తర్వాత దూరిన పోలీసులున్నారే, వాళ్ళు వారాల తరబడి కదలరు. మంచాలు విరగ్గొడతారు, కుండలు పగలగొడతారు. మెదడులో వాపంటే అదే."

"ఇంతకీ మీరు చదివేది దొంగ గురించా, పోలీసుల గురించా?"

"పోలీసుల గురించే."

"అందుకే సర్కారు మీకు కొత్త గది ఇవ్వడం లేదు" అంది లమ్‌దువన్, పుల్లలు తిప్పుతూ.

ఆచాన్ నవ్వాడు. వెంటనే నవ్వు ఆపేశాడు. "వాళ్ళింకా లోపల ఉండగానే రెండో దొంగ వచ్చాడనుకో, ఇక ఇల్లే మిగలదు."

ఆ మాట లమ్‌దువన్ నవ్వులో కలిపి మరిచిపోయింది. ఆమె తమ్ముడు ఖంపన్ తలకి దెబ్బ తగిలాక మాత్రం అది పడుకున్నా వదల్లేదు.

ఖంపన్ కాళ్ళతో కూడా కొట్టుకునే మువాయ్ థాయ్ బాక్సరు. శనివారం ఆట గెలిస్తే బ్యాంకాక్ బరిలోకి పంపిస్తానని అతణ్ణి పోటీలకి దింపే హాప్ షావుకారు మాటిచ్చాడు. సాధనలో ఎవడో విసిరిన కాలు కణతకి తగిలింది. పడ్డాడు, లేచాడు, నవ్వాడు. మర్నాడు కాఫీలో ఉప్పు వేసుకున్నాడు. ఆ మర్నాటి నుంచి వెలుతురు చూడలేక మధ్యాహ్నం కూడా తలుపులు మూసుకునేవాడు.

"అక్కా, ఎవరికీ చెప్పకు. తలకి దెబ్బ తగిలినవాడని ఒక్కసారి పేరు పడిందా, హాప్ నన్ను గుమ్మం తొక్కనివ్వడు."

"తగ్గుతుంది లేరా" అంది లమ్‌దువన్. అది తనకు తాను చెప్పుకున్నట్టే ఉంది.

ఊరందరినీ దాటొచ్చు. ఆచాన్‌ని దాటేదెలా? ఆమె కూర్చోబెట్టి పాఠం చెప్పింది.

"ఆయన ఏం అడిగినా జిగురన్నం, కాల్చిన మాంసం అను. నిన్నా అదే, మొన్నా అదే. మనింట్లో వేరే ఏం ఏడుస్తుంది?"

"జిగురన్నం, కాల్చిన మాంసం" అన్నాడు ఖంపన్.

"బడిపిల్లాడిలా అనకు. తిన్నవాడిలా అను."

గురువారం బండి దగ్గర అనుకున్నంతా జరిగింది. ఆచాన్ పుల్ల అందుకుంటూ, "ఏరా వీరుడా, అన్నం తిన్నావా?" అన్నాడు.

"తిన్నా ఆచాన్! జిగురన్నం, కాల్చిన మాంసం."

"నిన్న?"

"కాల్చిన మాంసం. ఆహా, ఏం రుచి!"

"ఎవరు కాల్చారు?"

"ఇంకెవరు? అక్కే."

ఆచాన్ పుల్ల నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. మెల్లగా లమ్‌దువన్ వైపు తిరిగాడు.

"చెల్లమ్మా, నిన్న ఏం రోజు?"

లమ్‌దువన్ చేతిలోని విసనకర్ర బొగ్గుల మీదే నిలిచిపోయింది. నిన్న వాన్ ఫ్రా. బుద్ధుడి పేరు మీద ఊళ్ళో జంతువుల కోత ఆగే రోజు. ఒక్క పంది మాంసం కొట్టు కూడా తెరవలేదు. తన బండే బోర్లా పడుకుంది. ఇంట్లో వెదురు మొలకలు ఉడకబెట్టుకుని తిన్నారు.

"అదీ, అదీ..." అంది.

"నువ్వు అబద్ధం నేర్పావు. పోనీలే, అక్కవి" అన్నాడు ఆచాన్ నెమ్మదిగా. "కానీ వాడు అబద్ధమని తెలిసి చెప్పలేదు. నిజంగానే తిన్నాననుకుంటున్నాడు. నాకు భయం అక్కడ."

టార్చి తీయలేదు. తగిలిందా అని కూడా అడగలేదు. ఖంపన్ భుజం మీద చెయ్యి వేసి ఆసుపత్రికి నడిపించాడు. తెలిసిన డాక్టరు చేత తల ఫోటోలు తీయించాడు. పోలీసులు ఇంకా లోపలే ఉన్నారు. కొన్ని వారాలు తలకి గాలి కూడా గట్టిగా తగలకూడదని డాక్టరు చెప్పాడు. శనివారం ఎల్లుండి.

ఖంపన్ బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. "షావుకారుకి చెబితే నా పేరు పోతుంది ఆచాన్."

"చెప్పకపోతే నువ్వే పోతావురా!" అంది లమ్‌దువన్.

ఆచాన్ ఇద్దరినీ చూశాడు. "పదండి. నేను మాట్లాడతా."

హాప్ షావుకారు మోటారు సైకిళ్ళ విడిభాగాల దుకాణంలో పంకా కింద కూర్చుని ఉన్నాడు. ఇతరుల పిల్లల్ని బరిలోకి దింపి, తను మాత్రం దోమ కుట్టినా డాక్టరుకి కబురు పంపే రకం.

"షావుకారుగారూ, మీవాడికి వాపు వచ్చింది" అన్నాడు ఆచాన్.

"వాపా? ఎక్కడ?"

ఆచాన్ చెయ్యి లేచింది. తల దాకా వెళ్ళాల్సింది, ఖంపన్ ముఖం చూసి దవడ దగ్గరే ఆగిపోయింది.

"గవదబిళ్ళలా!" హాప్ కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "మగాళ్ళకి అది కిందికి దిగుతుందంటారే?"

"అంటారు" అన్నాడు ఆచాన్, ఎంతో నిజాయితీగా.

"శనివారం ఆట లేదు! నయమయ్యేదాకా ఏ ఆటా లేదు! తీసుకుపోండి వీణ్ణి! కాదు, ఆగండి. అమ్మా! ఓ అమ్మా!"

లోపలి నుంచి చీనా ముసలమ్మ సిరా, కుంచె పట్టుకుని వచ్చింది. గవదబిళ్ళలంటే ముఖాన్ని పందిలా ఉబ్బించే జబ్బు, పందిని తినేది పులి. అందుకని చెంపల మీద పులి అనే అక్షరం రాస్తే జబ్బు పారిపోతుందని ఆమె నమ్మకం. ఖంపన్ రెండు చెంపల మీదా నల్లగా, పెద్దగా రాసింది. తర్వాత ఆచాన్ గడ్డం పట్టుకుంది.

"నువ్వూ వీడి పక్కనే తిరిగావుగా? ఇటు తిరుగు."

"నేను డాక్టర్నమ్మా..."

"డాక్టరైతే చెంపలు లేవా?"

బయటికొచ్చాక లమ్‌దువన్‌కి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "ఎంత అబద్ధం ఆడారు ఆచాన్!"

"వాపు అన్నాను. ఎక్కడో ఆయనే చూసుకున్నాడు."

మర్నాటికి ఆచాన్ ముఖం కడుక్కుంటాడనుకున్నారంతా. కడుక్కోలేదు. అక్షరం చెరిగిపోతుంటే ముసలమ్మ దగ్గరికి వెళ్ళి కొత్తగా రాయించుకునేవాడు. విద్యార్థులు ఆయన కనిపిస్తే గాండ్రించేవారు. బ్యాంకాక్ నుంచి పెద్ద పెద్ద వాళ్ళు సభకి వచ్చినప్పుడు కూడా రెండు పులులతోనే వేదిక ఎక్కి, మెదడు వాపు గురించి గంట మాట్లాడాడు. ఆ ఒక్కసారే ఎవరూ నిద్రపోలేదు. కళాశాల పెద్ద ఆయన్ని పక్కకి లాగి, "ఆచాన్, మన పరువు" అన్నాడు. "నాకింకా తగ్గలేదండీ" అన్నాడు ఆచాన్.

లమ్‌దువన్ ఆగలేక అడిగేసింది. "ఎందుకండీ ఈ వేషం? వాడికంటే తప్పదు, మీకేం ఖర్మ?"

"హాప్ దుకాణం నా దారిలోనే ఉంది చెల్లమ్మా. నా ముఖం తెల్లబడిందనుకో, డాక్టరుకి తగ్గితే కుర్రాడికీ తగ్గినట్టేగా అంటాడు. ఆట పెట్టేస్తాడు." పుల్ల కొరికి నమిలాడు. "వాడి తల తొందరపడదు కదా. నేను మాత్రం తొందరపడటం ఎందుకు?"

ఇన్నాళ్ళూ ఆయన ప్రశ్నకి సందంతా నవ్వింది, తనూ నవ్వింది. లమ్‌దువన్ మరో పుల్ల తీసి ఆయన ఆకులో పెట్టింది.

వానలు పట్టాక ఒక ఉదయం ఖంపన్ వెలుతురులోకి కళ్ళు చికిలించకుండా నడిచి వచ్చాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు ఆచాన్.

"తిన్నా. చల్దన్నం, ఎండు చేప."

"నిన్న?"

"గుడ్డట్టు. మాడ్చింది."

"మొన్న?"

"చేప పులుసు. ఉప్పు కషాయం. అటుమొన్న బొప్పాయి పచ్చడిలో ఈగ కూడా ఉంది ఆచాన్, తీసి పక్కన పెట్టి..."

లమ్‌దువన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈగ సంగతి సందంతా వినేసిందని మరుక్షణం తెలిసొచ్చింది. గరిటె ఎత్తి తమ్ముడి మీదికి వచ్చింది.

ఆచాన్ రెండు పులులతో సహా అడ్డంగా దూకాడు.

"తల మీద కాదు చెల్లమ్మా! వీపు మీద, వీపు మీద!"